పాదమా? నల్లిబొక్కా?

మా మాస్టర్ పోయారన్న కబురు నాకు నడుస్తున్న బస్సులో తెలిసింది. మధిర నుంచి ఖమ్మం వెళ్ళే బస్సులో నేను కండక్టర్ని. ఆ శనివారం పొద్దున బోనకల్లు దాటాం. ముందు సీట్ల దగ్గర టిక్కెట్లు కొడుతుంటే సంచిలో సెల్‌ఫోన్ మోగింది. డ్యూటీలో ఉండగా ఎత్తే అలవాటు లేదు. మళ్ళీ మోగింది. మూడోసారి మోగితే తీశాను. సమ్మక్క. నాతోపాటు ఆయన దగ్గర నేర్చుకున్న స్నేహితురాలు.

"రూతూ, మాస్టర్ లేడే."

"ఏడికి పోయిండు?" అన్నాను నేను.

"పొద్దుగాల ఛాతిల నొప్పన్నడంట. దవాఖానకు తీస్కపోతుంటే తొవ్వలనే..." అని ఆపేసింది. అప్పుడు అర్థమైంది నాకు. పక్క సీట్లో ముసలమ్మ చేయి చాచి టిక్కెట్ అడుగుతోంది. ఎక్కడికమ్మా అని ఆమెను మూడుసార్లు అడిగానట. ఖమ్మం అని మూడుసార్లూ చెప్పిందట. తర్వాత డ్రైవరన్న చెప్పాడు.

ఆయన పేరు చెప్పినా మీకు తెలియదు. సారపాకలో కాగితం మిల్లుకు వచ్చే వెదురు దించే యార్డులో ఆయన కాంట్రాక్టు కార్మికుడు. పగలంతా వెదురు మోపుల మధ్య ఉండి, సాయంత్రం సైరన్ కూయగానే సైకిలెక్కి చర్చి వెనకాల ఉన్న రేకుల షెడ్డుకు వచ్చేవారు. అక్కడ మాలాంటి ముప్పై మందికి తన్నడం నేర్పేవారు. ఊళ్ళో అందరూ కరాటే క్లాసు అనేవారు. ఆయన మాత్రం, "నాకు చేతులు అంతగ రావు. కాళ్లే వచ్చు, కాళ్లే నేర్పుత," అనేవారు.

మా అమ్మ ఆ చర్చి ఊడ్చేది. నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా సాయంత్రాలు అమ్మకు సాయంగా వెళ్ళేదాన్ని. షెడ్డు బయట చీపురు పట్టుకుని, లోపల వాళ్ళు ఎత్తినట్టే నేనూ కాలు ఎత్తి చూసుకునేదాన్ని. ఒకరోజు వెనక నుంచి గొంతు వినిపించింది.

"ఏంది బిడ్డా, ఎడమకాలా నీది?"

చీపురు వెనక్కి దాచుకున్నాను.

"దాన్ని ఆడ పెట్టి రా. ఎడమకాలోళ్లు నాకు తక్కువున్నరు."

నా అడ్మిషన్ అంతే. ఇంట్లో నాన్న ఒకటి రెండు రోజులు సణిగాడు. ఆడపిల్ల కాలు ఎత్తడమేమిటని. మాస్టర్ ఇంటికి వచ్చి టీ సాసరులో పోసుకుని, ఊది ఊది తాగి, ఆ సంగతి తప్ప మిగతావన్నీ మాట్లాడి వెళ్ళారు. ఆ తర్వాత నాన్న ఆ మాట ఎత్తలేదు.

చదివేవారికి ఒక సంగతి చెప్పాలి. లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. కాలు తిప్పి పక్క నుంచి కొట్టే తన్నుకు రెండు దారులున్నాయి. మీగాలుతో, అంటే పాదం పైభాగంతో కొట్టవచ్చు. లేదంటే మోకాలి కింద ముందువైపు నిలువుగా ఉండే ఎముకతో కొట్టవచ్చు. ఈ రెండోదాన్ని ఆయన నల్లిబొక్క అనేవారు. ఆదివారం మటన్ కూరలో పిల్లలం పోట్లాడుకునేది దానికోసమే కనుక ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని ఉండేది కాదు.

"పాదం దూరం పోతది, జల్దీ పోతది. కానీ దాంట్ల అన్నీ చిన్న చిన్న బొక్కలు. ఎదుటోని మోచెయ్యికి తగిలిందా, ఇరుగుతది. నల్లిబొక్క అట్ల కాదు, గట్టిది. ఊకెనే ఇరగదు, ఎదుటోనివి ఇరగ్గొడ్తది. కాకపోతే పొట్టిది. దానితోని కొట్టాల్నంటే దగ్గరికి పోవాలె."

ఆయన కుడి పాదం చూస్తే ఈ మాట ఎంత నిజమో తెలిసేది. మీగాలు మీద ఉసిరికాయంత గడ్డ. రెండు వేళ్ళు పక్కకు వంగి ఉండేవి. ఏ బూటూ ఎక్కేది కాదు. చెప్పు పట్టీ కోసి, వదులు చేసి తొడుక్కునేవారు. వయసులో ఉండగా విజయవాడ పోటీల్లో ఎవరిదో మోచేతికి తగిలి విరిగిందని మాకు తెలుసు. అయినా ఆరు నెలలదాకా మాకు పాదమే నేర్పారు. రేకుల షెడ్డు దూలానికి దారంతో నిమ్మకాయ కట్టేవారు. దాన్ని మీగాలుతో తాకాలి. అది ఊగాలి గానీ దారం తెగకూడదు. "ముట్టి రా," అనేవారు. కొట్టి రా అని కాదు, ముట్టి రా.

నాకు ఓపిక తక్కువ. ఒకరోజు అడిగేశాను. "మాస్టర్, పాదం ఇరుగుతదని మీరే అంటిరి. మీది ఇరిగింది గూడ. మరి మొదటి సంది నల్లిబొక్కతోనే కొట్టొచ్చు గదా?"

ఆయన గచ్చు మీద కూర్చుని నన్నూ కూర్చోమన్నారు. వేలి కణుపుతో నా మోకాలి కింది ఎముక మీద రెండుసార్లు తట్టారు. యార్డులో వెదురు ముదురో లేతో చూడ్డానికి అలాగే తట్టేవారట.

"ఏం తెలుస్తంది?"

"నొస్తంది."

"ఆరు నెలలు ఊకసంచిని కొట్టు, ఇగ అది గూడ తెల్వదు." కింద పడి ఉన్న వేపపుల్ల తీసి నా అరికాలి మీద గీశారు. కాలు ఎగిరిపడింది. షెడ్డంతా నవ్వింది. "సూసినవా? పాదానికి తెలుస్తది. ఏడ తగిలింది, ఎంత తగిలింది, అన్నీ తెలుస్తయి. నల్లిబొక్కకు తెల్వదు. తెల్వని దాన్ని ముందుగాల మీ చేతికిస్తే ఎట్లనే?"

ఇంకొకటి. కొత్తగా చేరినవాళ్ళు ఎదుటివాళ్ళకు కాలు తగలగానే ఆపి, వాళ్ళను తాకి, చేయి కళ్ళకద్దుకునేవారు. మనకు చిన్నప్పటి నుంచీ వచ్చిన అలవాటే కదా అది. పాతవాళ్ళు నవ్వేవారు, ఇట్లయితే ఫైటింగ్ ఎప్పుడు చేస్తారని. మాస్టర్ నవ్వేవారు కాదు. "ఆట అయినంక చేయుండ్రి. కానీ ఆ అలవాటు పోనియ్యకుండ్రి," అనేవారు. కాలు తగిలితే కళ్ళకద్దుకుంటాం. మోకాలి కింది ఎముక తగిలితే ఎవరైనా కళ్ళకద్దుకుంటారా? నాకు తెలిసి అలాంటి అలవాటు మనకెవరికీ లేదు. అప్పుడు ఈ ఆలోచన రాలేదు. తర్వాత చాలాసార్లు వచ్చింది.

ఆయన చిన్న చిన్న పద్ధతులు ఇప్పుడు ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. శనివారం శనివారం అందరి కాలిగోళ్ళు చూసేవారు. పెరిగితే జేబులోంచి నెయిల్ కట్టర్ తీసి ఇచ్చి, మూలకు పోయి తీసుకోమనేవారు. షెడ్డు బయట మేం చిందరవందరగా విడిచిన చెప్పుల్ని వంగి జతలు జతలుగా పెట్టేవారు. ఒకసారి కొందరు ఎక్కడో చూసి, ఎముక గట్టిపడుతుందని ఖాళీ సోడా సీసాతో కాళ్ళ మీద రుద్దుకుంటున్నారు. ఆయన కేకలేయలేదు. సీసా తీసుకుని, నీళ్ళు పోసి, ఒక మందారకొమ్మ గుచ్చి కిటికీలో పెట్టారు. "ఇది దీనికే పనికొస్తది," అన్నారు. దెబ్బ తగిలినవాళ్ళకు ఉప్పుమూట వేడిచేసి కాపడం పెట్టేది ఆయన భార్య. మేం ఆంటీ అని పిలిచేవాళ్ళం. ఆమె తిట్టుకుంటూనే పెట్టేది. "మీ మాస్టర్‌కు పని లేదు, మీకు బుద్ధి లేదు," అనేది.

సమ్మక్క నాకన్నా నెల ముందే చేరింది. చర్ల రోడ్డులో లోపల ఎక్కడో ఒక కోయగూడెం వాళ్ళది. భద్రాచలంలో హాస్టల్లో ఉండి చదివేది. గోదావరి వంతెన మీదుగా నడిచి క్లాసుకు వచ్చేది. పొడుగు మనిషి. ఆమె కాలు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసేలోగా మన నడుముకు తాకి వెనక్కి వెళ్ళిపోయేది. ఇద్దరం ఒకే బరువు. అందుకని ఎప్పుడూ మా ఇద్దరినే జతగా నిలబెట్టేవారు. టిఫిన్ డబ్బా కలిపి తినేవాళ్ళం. నాకు ఆమె అంటే ఎంత ఇష్టమో అంత అసూయ.

ఆరు నెలలయ్యాక నల్లిబొక్క మొదలైంది. మనుషుల మీద కాదు, పాతబట్టలూ ఊకా కూరిన గోనెసంచి మీద. అప్పుడు చెప్పారాయన, నేను జీవితంలో మరిచిపోలేని మాట.

"పాదంతోని కొట్టేటోడు ఉన్నకాడనే ఉంటడు. నల్లిబొక్కతోని కొట్టాల్నంటే ఒక అడుగు లోపటికి ఎయ్యాలె. ఆ అడుగు పొరపాటున పడది. మనసు చెప్తేనే పడ్తది. గది యాదుంచుకోండ్రి."

రెండో సంవత్సరం పరీక్షలైపోయాక ఖమ్మంలో జిల్లా పోటీలని తెలిసింది. మా బరువులో ఒక్కరికే చోటు. నేనో, సమ్మక్కో. షెడ్డులోనే మా ఇద్దరికీ పోటీ పెట్టారు. నడుముకు పైన, పాదంతో మాత్రమే, తాకితే చాలు. అది నియమం.

నేను ఓడిపోతున్నాను. ఆమె కాలు నాకు తాకుతోంది, నాది ఆమెను అందుకోవడం లేదు. అమ్మ వాకిట్లో నిలబడి చూస్తోంది. ఎప్పుడూ రాని నాన్న కూడా వచ్చాడు. సమ్మక్క ఎడమకాలు ఎత్తింది. కుడికాలి మీద నిలబడి ఉంది. నేను ఒక అడుగు లోపలికి వేశాను. నా ఎడమకాలి ఎముక ఆమె కుడి మోకాలికి పక్క నుంచి తగిలింది.

చప్పుడు పెద్దగా రాలేదు. లేత వెదురు విరిచినట్టు అంతే. సమ్మక్క పడిపోయింది. అరవలేదు కూడా. మోకాలు పట్టుకుని నోరు తెరిచి నన్ను చూసింది.

ఆంటీ పరుగెత్తుకొచ్చింది. ఎవరో ఆటో పిలిచారు. ఆ గొడవలో మాస్టర్ నా పక్కకు వచ్చి, నాకు మాత్రమే వినిపించేలా అడిగారు.

"పాదమా? నల్లిబొక్కా?"

"పాదమే మాస్టర్. నడుముకు కొట్టబోయిన, జారింది."

ఆయన నా కాలు వైపు చూశారు. మోకాలి కింద ఎర్రగా కమిలి ఉంది. పాదం మీద ఏమీ లేదు. "సరే," అన్నారు. ఆ "సరే" ఇప్పటికీ నా చెవిలో ఉంది. కోపం ఉంటే తట్టుకునేదాన్నేమో. అందులో కోపం లేదు.

సమ్మక్క మోకాలి లోపలి లిగమెంట్ తెగిందన్నారు. ఆరు వారాలు పట్టీ. తర్వాత నడుస్తుంది గానీ ఆ కాలి మీద బరువేసి తిరగడం కష్టమన్నారు. అంటే ఇక తన్నలేదు. మాస్టర్ యార్డుకు సెలవు పెట్టి రెండు రోజులు దవాఖానాలోనే ఉండి, ఆమెను గూడెంలో దింపి వచ్చారు.

పోటీలకు నా పేరే రాశారు. ఖమ్మం తీసుకెళ్ళారు. నేను బరిలో నిలబడ్డాను. మొదటి నిమిషంలోనే ఎదుటి అమ్మాయి దగ్గరికి రమ్మన్నట్టు చోటిచ్చింది. నాకు కాలు లోపలికి పడలేదు. దూరంగా నిలబడి గాలిని తన్ని, ఓడిపోయి దిగాను. తిరుగు బస్సులో ఆయన నా పక్కనే కూర్చుని వేయించిన పల్లీలు ఒలిచి నా చేతిలో పోస్తూ వచ్చారు. పాల్వంచ దాటాక అన్నారు.

"సమ్మక్క వాళ్లింట్ల ఇప్పుడు తునికాకు సీజన్. ఇంట్ల తల్లి ఒక్కతే. బిడ్డ మంచంల ఉన్నది. నువ్వు పోతవా?"

పోటీకి వెళ్తావా అని అడిగినంత మామూలుగా అడిగారు. నేను తలూపాను.

అమ్మ ఒప్పుకోలేదు. "ఆడపిల్లను అడివిలకా?" అంది. "మా ఇంటామె గూడ వస్తది. నేనే తోలుకపోత, నేనే తోలుకొస్త," అన్నారు మాస్టర్. ఆంటీ నిజంగానే సంచి సర్దుకుని వచ్చేసింది.

చర్ల రోడ్డులో బస్సు దిగి నాలుగైదు కిలోమీటర్లు నడిచాం. సమ్మక్క వాళ్ళింటి పంచలో నులకమంచం మీద కాలు చాపుకుని ఉంది. నన్ను చూసి, "వచ్చినవా?" అంది. అంతే. వాళ్ళమ్మ నాకు నీళ్ళిచ్చింది. ఆమెకు తెలుగు కొంచెమే వచ్చు. ఏమీ అడగలేదు. అడిగితే బాగుండేది.

తెల్లవారకముందే లేచి అడవిలోకి వెళ్ళేవాళ్ళం. బీడీలు చుట్టే ఆకు ఈ తునికి మొక్కలదే. అవి మోకాలెత్తున ఉంటాయి. వంగి ఆకు ఆకూ కోయాలి. చిరిగినవీ, మచ్చలున్నవీ పనికిరావు. ఎండ ఎక్కేసరికి మూటలు నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చి, మధ్యాహ్నమంతా ఆకుల్ని యాభైకి ఒక కట్ట చొప్పున నారతో కట్టి, సాయంత్రం ఆకు కొనే కల్లానికి మోయాలి. రెండు రోజులకే నా నడుము పట్టేసింది. వేళ్ళు నల్లబడ్డాయి. ఆంటీ మూడోరోజు వెళ్ళిపోయింది. నేను ఉండిపోయాను. కట్టలు కట్టేటప్పుడు మాత్రం సమ్మక్క కూడా మంచం మీద నుంచే చేయి వేసేది. నేను నాలుగు కట్టలు కట్టేసరికి ఆమె పది కట్టేది.

వారమయ్యాక, ఒక మధ్యాహ్నం, తల ఎత్తకుండా చెప్పాను.

"సమ్మక్కా, ఆ దినం నీకు తగిలింది పాదం కాదే."

ఆమె కూడా తల ఎత్తలేదు. "నాకు తెల్వదానే? తగిలింది నాకు గదా."

నా చేతులు ఆగిపోయాయి. "మరి మాస్టర్‌కు ఎందుకు చెప్పలే?"

"నువ్వు చెప్తవని చూసిన."

ఆమె కాలు తాకి కళ్ళకద్దుకోబోయాను. "అవ్వో, ముట్టకు! నొస్తది," అని వెనక్కి లాక్కుంది. ఆ లాక్కోవడంలో ఇంకా నొప్పి పుట్టి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. నాకూ వచ్చాయి. ఇద్దరం అలా ఏడుస్తూ ఉంటే ఎందుకో నవ్వు కూడా వచ్చింది. కాసేపయ్యాక, "మాట్లాడుకుంట ఆకు లెక్క తప్పినవ్, మళ్ల ఎంచు," అంది.

క్షమించానని ఆమె ఎప్పుడూ అనలేదు. కోపమంతా పోయిందనీ అనలేదు. మరుసటి రోజు నుంచి తన పళ్ళెంలోంచి చేపముక్క తీసి నా పళ్ళెంలో వేయడం మొదలుపెట్టింది.

ఆదివారం చర్చి అయ్యాక మాస్టర్ వచ్చారు. మాతోపాటు కూర్చుని కట్టలు కట్టారు. వచ్చీరాని కోయభాషలో సమ్మక్క వాళ్ళమ్మతో ఏదో అంటే ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ రోజు ఆయనకూ చెప్పేద్దామనుకున్నాను. నా ముఖం చూసి ఆయనే ముందు లేచి, "ఎండ తగ్గింది, ఇగ పోత," అన్నారు. చెప్పలేదు. తర్వాత ఆయన ఎన్నడూ అడగలేదు. ఆయనకు తెలుసు కదా, చెప్పకపోతే ఏం అని నాకు నేను చెప్పుకున్నాను. అలా చెప్పుకుంటూ ఆరేళ్ళు గడిపాను. డిగ్రీ, పెళ్ళి, ఉద్యోగం. సమ్మక్క వాళ్ళ గూడెంలోనే అంగన్‌వాడీ టీచరైంది. వానాకాలంలో ఆ మోకాలు సలుపుతుందని ఫోన్లో చెబుతుంది. నేను వింటాను.

మొన్న ఎండాకాలం, మే నెలలో, ఖమ్మం బస్టాండులో నా బస్సు ఎక్కిన వాళ్ళలో ఆయన ఉన్నారు. జుట్టు బాగా తెల్లబడింది. చేతిలో కవరు నిండా తునికిపండ్లు. నన్ను చూసి, "అబ్బో, కండక్టరమ్మా," అని పెద్దగా నవ్వారు. మధిరకు అన్నారు. సగం దూరం పోయాక జనం పల్చబడితే వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. ఎడమకాలు ఎట్లుందని అడిగారు. దానికి జవాబు చెప్పకుండా అన్నాను.

"మాస్టర్, సమ్మక్కకు తగిలిన నాడు... ఆ అడుగు నేనే ఏసిన. కావాల్ననే ఏసిన."

"సూసిన," అన్నారాయన.

"మీకు అబద్ధం చెప్పిన."

"అవ్. అది గూడ సూసిన." కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పారు. విజయవాడలో నేర్చుకునే రోజుల్లో ఆయనా, మధిర మనిషి ఒకాయనా ఒకే గదిలో ఉండేవారట. ఒకే కంచంలో తినేవారట. ఒక పోటీలో ఇద్దరూ ఎదురెదురు పడ్డారు. "నేను గూడ ఆ అడుగు ఏసిన బిడ్డా. వాని మోకాలు పోయింది. ఆ తర్వాత నల్లిబొక్క ఎత్తుదామంటే నాకు కాలు లేవలే. పాదంతోనే కొట్టుకుంట పోయిన, ఓనాడు పాదం ఇరిగింది. అది నాకు బాధ కాదు. వాన్ని సూడ పోలే. గది బాధ. ఇయ్యాల పోదాం, రేపు పోదాం అనుకుంట ఇరవై ఐదేండ్లు పోయినయి."

"గందుకేనా నన్ను తునికాకుకు తోలుకపోయిండ్రు?"

"నువ్వన్న పోవాల్నని."

"ఇప్పుడు ఆయన దగ్గరికేనా?"

కవరు ఎత్తి చూపించారు. "ఇవంటే వానికి పాణం. ఇల్లు ఏడనో తెలిసింది. తలుపు తీస్తడో, తియ్యడో."

మధిరలో దిగి, ఆ వంకర పాదం ఎత్తి ఎత్తి వేసుకుంటూ రైల్వే గేటు వైపు నడిచారు. నేను బస్సు తలుపు దగ్గర నిలబడి చూస్తూ, వెనకే వెళ్ళాలనుకున్నాను. తిరుగు ట్రిప్పు టైమైంది. తలుపు తీశాడా లేదా అని ఫోన్ చేసి అడగాలనుకున్నాను. రేపు చేద్దాం, ఎల్లుండి చేద్దాం. ఆయన చెప్పిన తప్పే మళ్ళీ చేశాను. ఆగస్టు వచ్చేసింది.

ఆ శనివారం డ్యూటీ అప్పగించి సారపాక చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ముసురు పట్టి ఉంది. ఆంటీ నన్ను చూసి, "పొద్దుగాల లేచి గోళ్లు తీసుకున్నడే. గోళ్లు తీసుకునేటోడు గిట్ల పోతడా?" అంది. మరునాడు సమాధికి తీసుకెళ్ళేముందు చర్చి పెద్దలు కొత్త బూట్లు తెచ్చారు. కుడి పాదానికి ఎక్కలేదు. బూటు వెనక కోద్దామని ఎవరో అన్నారు. ఆంటీ లేచి ఆపింది. "వద్దు. వట్టి కాళ్లతోనే పోనియ్యుండ్రి. ఆయన కాళ్లు ఆయన కాళ్ల లెక్కనే ఉండాలె." సమ్మక్కా నేనూ ఆయన పాదాలకు మొక్కాం. వంగలేక ఆమె నా భుజం పట్టుకుంది.

సమాధుల దగ్గర, జనానికి కొంచెం ఎడంగా, గొడుగు కింద ఒకాయన నిలబడి ఉన్నాడు. కుడికాలు వంచకుండా బిగదీసి నిలబడ్డాడు. మాస్టర్ బస్సులో చెప్పిన మోకాలు గుర్తొచ్చింది. దగ్గరికి వెళ్ళి, "మీరు మధిర నుంచి వచ్చారాండీ?" అన్నాను.

"అవునమ్మా," అన్నాడు. "నీకెలా తెలుసు?"

మా మాస్టర్ ఎక్కిన బస్సు నాదేనని చెప్పాను. "తలుపు తీశారా?" అని అడిగాను.

"తీశానమ్మా. గుర్తుపట్టాను గానీ లోపలికి రమ్మనలేదు. పండ్ల కవరు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. 'నా మీద కోపముందా?' అన్నాడు. 'ఉంది' అన్నాను. ఉన్నమాటే కదా. అలాగే నిలబడ్డాడు. చాలాసేపటికి నేనే, 'కోపం కోపమే, ఎండలో వచ్చావు, అన్నం తిను' అన్నాను." ఆయన గొడుగు రెండో చేతిలోకి మార్చుకున్నాడు. "రెండు రోజులు ఉన్నాడు. వెళ్ళేటప్పుడు దసరాకు నన్ను ఇక్కడికి రమ్మన్నాడు. 'నేను నేర్పిన పిల్లలున్నారు, చూద్దువుగాని' అన్నాడు. వస్తానన్నాను."

మట్టి వేసేటప్పుడు ఆయన గొడుగు నాకిచ్చి, కాలు ఈడ్చుకుంటూ ముందుకు వెళ్ళి, వంగలేక నిలబడే మూడు గుప్పిళ్ళు వేశాడు.

మరునాడు సోమవారం. నేను సెలవు పెట్టి, సమ్మక్కతోపాటు ఆంటీ దగ్గరే ఉన్నాను. సాయంత్రం మిల్లు సైరన్ కూసింది. ఆంటీ అలవాటుగా పొయ్యి మీద టీ గిన్నె పెట్టి, మళ్ళీ దించేసింది. కాసేపటికి పక్కనే చర్చి గేటు చప్పుడైంది. చూస్తే పిల్లలు. ఎవరూ రమ్మనలేదు. క్లాసు ఉందని ఎవరూ చెప్పలేదు. ఒకరి తర్వాత ఒకరు వానలో తడుస్తూ వచ్చి, చెప్పులు విడిచి, షెడ్డులోకి వెళ్తున్నారు. సమ్మక్కా నేనూ వెళ్ళాం.

ముప్పై మంది వరసల్లో నిలబడ్డారు. రేకుల మీద వాన చప్పుడు. నేను వెళ్ళి చివరి వరసలో నిలబడ్డాను. సమ్మక్క నా పక్కన గోడకు ఆనుకుంది. గుమ్మం నుంచి వరసలదాకా గచ్చంతా తడి పాదాల గుర్తులు, చిన్నవీ పెద్దవీ, ఒకదాని మీద ఒకటి. ముందు, ఆయన నిలబడే చోట మాత్రం నేల పొడిగా ఉంది. ఎవరూ తొక్కలేదు.